కంపమునకును కెరటమునకును నడుమ

భూకంప మెప్పుడు వచ్చునో ముందుగా చెప్పగల శాస్త్రము నేటికిని పుట్టలేదు. కాని సముద్రగర్భమున భూకంపము సంభవించిన పిమ్మట, దానివలన లేచిన సునామీ యే తీరమును ఏ వేళకు చేరునో, ఎంత యెత్తున చేరునో గణించి చెప్పుటకు వలసిన సాధనసామగ్రి గడచిన రెండు దశాబ్దములలో మన దేశమునకు సమకూడినది. ఈ రెండింటికిని గల భేదమును మఱచుటచేతనే సునామీ హెచ్చరికలనుగూర్చిన చర్చలు తఱచు దారి తప్పుచుండును. ఇచట ముందుగా చెప్పుట యనగా, కంపమునకును కెరటమునకును నడుమ ప్రకృతి విడిచిన వ్యవధిలో చెప్పుటయే. ఆ వ్యవధి నికోబారు దీవులకు కొద్ది నిమిషములు. ఆంధ్ర తమిళ తీరములకు రెండున్నర గంటలు. ఆఫ్రికా తూర్పుతీరమునకు ఇంకను పెక్కు గంటలు. తరంగ మొక్కటే, గణిత మొక్కటే. ఐనను ఈ తీరములకు కావలసిన యేర్పాట్లు మాత్ర మొక్కటి కావు. హెచ్చరిక వ్యవస్థ బాగోగులను విచారించువారు ఈ వ్యవధిభేదమును మూలసూత్రముగా గ్రహింపక, ఎల్ల తీరములను ఒకే కొలతతో కొలుచుట నాకు పెద్ద లోపముగా తోచుచున్నది.

2004 డిసెంబరు 26 ఆదివారమునాటి యుదంతము అందఱెఱిగినదే. ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమత్రా దీవి పడమటి తీరమున మొదలైన భూభ్రంశము, ఎనిమిది పది నిమిషములపాటు ఉత్తరముగా చీలుచుపోయి, సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున అండమాను దీవులవఱకు వ్యాపించెను. తీవ్రత 9.1. పదునాలుగు దేశములలో 2,20,000కు పైగా జనులు మరణించిరి; మన దేశమున పదివేలకు మించినవారిలో అధికసంఖ్యాకులు నాగపట్టణము జిల్లావారు. తెలుగు తీరమున నూఱుమందికి పైగా చనిపోయిరి. పౌర్ణమినాడు మచిలీపట్నము చెంతనున్న మంగినపూడి తీరమున సముద్రస్నానమునకు వచ్చినవారును అందు కలరు. చెన్నైకిని విశాఖపట్నమునకును తొలికెరటము చేరినది 9 గంటలు దాటిన కొన్ని నిమిషములకు. అనగా రెండున్నర గంటల కాలము, ఒక్కొక్క పల్లెను మెల్లగా నడిపించియైన ఖాళీ చేయింపదగినంత కాలము, ఎవరికిని ఉపయోగపడక గడచిపోయెను. 1946 ఏప్రిలులో అల్యూషియను దీవులచెంత పుట్టిన సునామీ హవాయిలో నూటయేబదిమందికి పైగా పొట్టనబెట్టుకొన్న పిమ్మట, 1949లో పసిఫిక్ మహాసముద్రమునకు ఒక హెచ్చరిక కేంద్ర మేర్పడెను. హిందూ మహాసముద్రమునకు అట్టిది లేకపోయెను.

లేకపోవుటకు కారణము, ఈ సముద్రమున సునామీలు రావను ఒక నమ్మకము. ఆ నమ్మకమునకు విరుద్ధమైన సాక్ష్యము మన కార్యాలయములలోనే యుండెను. 1881 డిసెంబరు 31న కారు నికోబారు చెంత 7.9 తీవ్రతగల భూకంపము కలిగినప్పుడు, ఆటుపోటులను నమోదు చేయుటకు రేవులలో నెలకొల్పిన మాపకయంత్రములు పోర్టుబ్లెయిరునందును నాగపట్టణమునందును మద్రాసునందును ఆ తరంగముల గీతలను కాగితముపై వ్రాసిపెట్టినవి. వాని యెత్తు మీటరులోపే కావున జనులు గుర్తుంచుకొనలేదు. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడును మన తీరమాపకములు కెరటములను పట్టినవి. 1945 నవంబరులో నేటి పాకిస్తానులోని మక్రాను తీరమున పుట్టిన సునామీ బొంబాయివఱకు వచ్చి ప్రాణములను తీసెను. 1881 నాటి గీతలను తిరిగి పరిశీలించి, ఆ భ్రంశము పొడవు వెడల్పులను గణించి, ఓర్టిజ్, బిల్హామ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు 2003లో ఒక పరిశోధనపత్రమును ప్రకటించిరి. మరుసటి సంవత్సరమే మహావిపత్తు సంభవించెను. దాని తరువాత థాయిలాండులోని ఫ్రా థోంగు దీవియందు నేలను త్రవ్విచూడగా, 2004 నాటి యిసుకపొర క్రింద, బురదపొరల నడుమ, అట్టివే పాత యిసుకపొరలు కనబడినవి. వానిలో పైదాని వయస్సు ఆఱేడు శతాబ్దములు. మానవస్మృతికి అందని యావర్తనము గల యాపదను ఎదుర్కొనుటలో తొలి కష్ట మిదియే: ఏ తరమువారును దానిని రెండుమారులు చూడరు.

ఇక గణితమునకు వత్తము. సునామీ తరంగము గాలికి లేచు నలవంటిది కాదు. సముద్రపుటడుగున ఒక ఫలకము మఱియొక ఫలకము క్రిందికి చొచ్చుకొనిపోవుచు, పైఫలకపు టంచును శతాబ్దములపాటు వంచి, ఒకనాడు విడిచిపెట్టగనే, ఆ యంచు వంచిన వెదురుబద్దవలె ఎగసి, తనపైనున్న నీటి నంతటిని అడుగునుండి ఉపరితలమువఱకు ఒక్కుమ్మడిగా లేవనెత్తును. ఇట్లు పుట్టిన తరంగమునకు పొడవు వందలాది కిలోమీటర్లు. నాలుగు కిలోమీటర్ల లోతుగల సముద్రము కూడ దానికి లోతులేని మడుగువంటిదే. కావుననే దాని వేగము నీటిలోతు నొక్కదానిపైననే యాధారపడును. లోతును గురుత్వత్వరణముతో గుణించి వర్గమూలము తీసిన చాలును: 4,000 మీటర్ల లోతున గంటకు 700 కిలోమీటర్లకు పైగా, 10 మీటర్ల లోతున గంటకు 36 కిలోమీటర్లు. ఒడ్డు చేరువలో ముందున్న నీరు నెమ్మదించుచుండ వెనుకనున్న నీరు త్రోసికొనివచ్చుటచే ఎత్తు పెరుగును. 2004లో కంపము జరిగిన రెండు గంటలకు జేసన్-1 అను నుపగ్రహము యాదృచ్ఛికముగా బంగాళాఖాతముపై పోవుచు ఆ తరంగమును కొలిచెను. నడిసముద్రమున దాని యెత్తు సుమారు 60 సెంటీమీటర్లు మాత్రమే. ఓడలోనివారికి తెలియనైన తెలియదు. ఆ 60 సెంటీమీటర్లే 10 మీటర్ల లోతునకు వచ్చుసరికి నాలుగున్నర రెట్లు పెరిగి రెండున్నర మీటర్లు దాటునని సామాన్య సూత్రము చెప్పును. అటుపిమ్మట ఒడ్డు వాలు, అఖాతముల యాకృతి, నదీముఖముల సందులు దానిని ఇంకను ఎంత పెంచునో ఎంత తగ్గించునో సామాన్య సూత్రమునకు లొంగదు.

అక్కడినుండియే కంప్యూటరు నమూనాల పని యారంభమగును. భ్రంశపు పొడవు, వెడల్పు, వాలు, జాఱిన దూరము అనువానినిబట్టి సముద్రపుటడుగు ఎంత లేచెనో ఎంత క్రుంగెనో గణించుటకు జపాను శాస్త్రజ్ఞుడు ఒకాడా 1985లో ప్రకటించిన సమీకరణములు నేటికిని ఆధారములు. ఆ లేచిన నీటిని సముద్రమున చదరములుగా గీచిన జాలముపై క్షణక్షణము నడిపించు నమూనాలలో జపానునందు రూపొందిన టునామి యన్నది మన దేశమున వాడుకలో నున్నది. ఒడ్డునకు దగ్గఱైనకొలది చదరములు చిన్నవి కావలయును. నడిసముద్రమున కిలోమీటర్ల కొలత చాలును గాని, ఊరిలో ఏ వీథివఱకు నీరు వచ్చునో చెప్పుటకు మీటర్ల కొలత కావలయును. ఇట్టి గణన కంపము జరిగిన పిమ్మట ఆరంభించినచో కెరటము ముందు వచ్చును, ఫలితము వెనుక వచ్చును. అందుచే శాస్త్రజ్ఞు లొక యుపాయము పన్నిరి. భ్రంశరేఖ నంతటిని 100 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్ల వెడల్పు గల ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండము ఒక్క మీటరు జాఱినచో ఏ తీరమున నేమగునో ముందే లెక్కకట్టి భద్రపఱచిరి. కంపము వచ్చినవెంటనే ఏ ఖండములు ఎంతెంత కదలినవో యూహించి, ఆ సిద్ధఫలితములను కలిపిన చాలును. ఉత్తరము క్షణములలో లభించును. లోతునీటి యందు తరంగములు ఒకదానితో నొకటి కలహింపక కూడుచుండుటచే ఈ యుపాయము చెల్లుచున్నది.

ఈ పని మన దేశమున జరుగు స్థలము సముద్రమునకు బహుదూరమైన హైదరాబాదు. అచట ప్రగతినగరులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమున, జనులు ఇన్‌కాయిస్ అని వాడుకగా పిలుచు సంస్థయందు, 2007 అక్టోబరు నుండి సునామీ హెచ్చరిక కేంద్రము అహర్నిశలు పనిచేయుచున్నది. 2011 నుండి ఆస్ట్రేలియా, ఇండోనేసియాలతో కలసి హిందూ మహాసముద్రపు దేశములన్నిటికిని సమాచారము నందించు బాధ్యతయు దానిదే. 6.5కు మించిన కంపము సముద్రమునగాని సముద్రసమీపమునగాని జరిగినచో పది నిమిషముల లోపల తొలి ప్రకటన వెలువడును. తీరమున రెండు మీటర్లకు మించిన యెత్తు గణనలో తేలినచో పూర్తి హెచ్చరిక, అర మీటరునకు మించినచో అప్రమత్తత. ఇచట ఒక నిబంధన మిక్కిలి గమనింపదగినది. కెరటము గంటలోపల చేరు తీరములకు కేవలము కంపవార్త నాధారముగా గొనియే హెచ్చరిక యిత్తురు. గంటకు మించిన తీరములను మాత్రము మొదట గమనికలో నుంచి, సముద్రమున నిజముగా తరంగము లేచినట్లు నీటిమాపకములు తెలిపిన పిమ్మట హెచ్చరిక స్థాయిని పెంచుదురు. సముద్రపుటడుగున నుంచిన పీడనమాపకము వేల మీటర్ల నీటిబరువు క్రింద నుండియు ఒకటి రెండు సెంటీమీటర్ల మార్పును గుర్తించి, పైన తేలు బోయాకు తెలుపగా, బోయా ఉపగ్రహమునకు తెలుపును. సముద్రము నడుమ ఒంటరిగా తేలు ఈ బోయాలకు పడవలు కట్టుటచేతను, పరికరములు దొంగిలింపబడుటచేతను, తుప్పుచేతను కలుగు నష్టము అన్నిదేశముల యనుభవమందును కలదు. ఇండోనేసియాలో 2004 తరువాత నెలకొల్పిన బోయాలు 2012 నాటికే పనిచేయక నిలిచిపోయినవి. యంత్రమును నిలుపుట కొకనాటి వ్యయము చాలును, నిలిపినదానిని కాపాడుటకు ఏటేట వ్యయము కావలయును.

నమూనా యెంత సూక్ష్మమైనను దానికి మొదట అందించు కంపవివరము తప్పైనచో ఫలితము తప్పక తప్పగును. ఈ విద్యయందలి ప్రధాన దౌర్బల్య మిదియే. మహాకంపముల తీవ్రత తొలి నిమిషములలో తక్కువగనే కనబడును, ఏలయనగా భ్రంశ మింకను చీలుచునే యుండును. 2004లో హవాయియందలి పసిఫిక్ హెచ్చరిక కేంద్రపు తొలి యంచనా 8.0, యథార్థమైన 9.1తో పోల్చినచో వెలువడిన శక్తియందు దాదాపు నలుబదియైదు రెట్ల భేదము. జపానువంటి సర్వసన్నద్ధమైన దేశమునకును ఈ గతి తప్పలేదు. 2011 మార్చి 11న మధ్యాహ్నము 2 గంటల 46 నిమిషములకు కంపము రాగా, మూడు నిమిషములకే హెచ్చరిక వెలువడెను. ఆ వేగమునకు సాటి లేదు. కాని తీవ్రతను 7.9గా నెంచి, మియాగి తీరమున 6 మీటర్లు, ఇవాతె, ఫుకుషిమా తీరములందు 3 మీటర్ల కెరటము రాగలదని చెప్పిరి. ఇరువదియైదు నిమిషములు గడచిన పిమ్మట ఆ యంకెలను పెంచిరి గాని, అప్పటికే విద్యుత్తు పోయి పలుచోట్ల ఆ సవరణ చేరలేదు. కంపము యథార్థ తీవ్రత 9.0, ఇవాతెలో నీరు కొండవాలున 40 మీటర్లకు దగ్గఱగా ఎగబ్రాకెను. మూడు మీటర్లని విని, తమ యూరి సముద్రపుగోడ అంతకంటె మిక్కిలి యెత్తని తలచి యింట నిలిచినవారు కలరు. మృతులును కానరానివారును 18,000కు పైగా. అటుపిమ్మట జపాను వాతావరణ సంస్థ తన పద్ధతిని మార్చి, మహాకంపము సంభవించినప్పుడు తొలి ప్రకటనలో అంకెలు చెప్పక, అతిపెద్ద కెరటము రానున్నదని మాత్రమే చెప్పుట 2013 నుండి ఆరంభించెను. తెలియని యంకెను చెప్పుటకంటె తెలియదని యంగీకరించి పరుగెత్తుమనుటయే మేలని అంతటి శాస్త్రసంపన్నమైన దేశము నిర్ణయించుకొనుట నాకు మిక్కిలి గౌరవము కలిగించిన విషయము. నేడు జపాను తన తూర్పు సముద్రపుటడుగున 150 కేంద్రములను తంత్రులతో కలిపి, తరంగమును దాని పుట్టుచోటనే కొలుచుచున్నది.

కంపముతో నిమిత్తము లేకయో, కంపపు లెక్కకు లొంగకయో పుట్టు సునామీలు ఇంకొక చిక్కు. 2018 డిసెంబరులో ఇండోనేసియాలోని అనక్ క్రాకటోవా అగ్నిపర్వతపు పార్శ్వము విఱిగి సముద్రమున పడగా లేచిన కెరటము, ఏ హెచ్చరికయు లేక, సుందా జలసంధి తీరములందు నాలుగువందలమందికి పైగా చంపెను. అదే సంవత్సరము సెప్టెంబరులో ఆ దేశముననే పాలూ అఖాతమున ఫలకములు ప్రక్కప్రక్కగా జాఱిన 7.5 తీవ్రతగల కంపమునకు పెద్ద సునామీ రాదని సామాన్య గణితము చెప్పును. కాని అఖాతపు సందునందే అడుగున కొండచరియలును జాఱుటచేత, నిమిషములలో నీరు ఊరిపై పడెను. ఇట్టి సునామీలకు తగిన నమూనాలు ఇంకను బాల్యావస్థయందే యున్నవి.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి తీరములు రెండు జాతులుగా విడిపోవుచున్నవి. సమీపతీరమునకు నమూనా ప్రధానము కాదు. నేల కదలుటయే హెచ్చరిక. సుమత్రా చెంతనున్న సిమెలూ దీవివారు 1907 నాటి కెరటమును పాటలలోను కథలలోను నిలుపుకొనిరి: నేల గట్టిగా కదలి సముద్రము వెనుకకు పోయినచో కొండెక్కుడని. 2004లో కంపస్థానమునకు అత్యంత సమీపముననున్న ఆ దీవిలో డెబ్బదివేలకు మించిన జనులుండగా చనిపోయినది ఏడుగురు. కారు నికోబారునందు, గ్రేట్ నికోబారునందు వ్యవధి అంతే స్వల్పము. అచట 2004లో నేలయే క్రుంగి, ఇందిరా పాయింటు చెంత సుమారు నాలుగు మీటర్లు సముద్రమున దిగిపోయినది. హైదరాబాదునుండి పోవు సందేశము ఎంత త్వరితమైనను, అచటి బాలునికి నేల కదలినచో ఒక నిమిషము ఆగక పరుగెత్తుమను శిక్షణమునకు ప్రత్యామ్నాయము కాజాలదు.

మన తీరము దూరతీరము. ఇచ్ఛాపురమునుండి తడవఱకు కంపమును ఎవరును గుర్తింపకపోవచ్చును, ఆకాశము నిర్మలముగా నుండవచ్చును, ఐనను రెండున్నర గంటలకు కెరటము రావచ్చును. ఇచట నమూనాయే ప్రాణాధారము. కాని మన జాలరులకు తరతరములుగా తెలిసిన యాపద తుపాను; 1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెన మఱపురానిది. ఆ యలవాటు సునామీవేళ కొన్నియెడల మేలు చేయును, కొన్నియెడల కీడు చేయును. ఉప్పెన తరువాత కట్టిన తుపాను ఆశ్రయభవనములు, ఊరు ఖాళీ చేయించు పద్ధతి, మైకులో చాటింపు, ఇవి మేలు. కాని తుపానుకు ముందు రోజులు గడువుండును, గాలివానలే సాక్ష్యము చెప్పును. సునామీకి గంటలే గడువు, సాక్ష్య మేమియు లేదు. మఱియొక భేదము పడవలది. తుపాను వార్త వినగనే పడవలు మొగలోనికి, ఉప్పుటేటిలోనికి తిరిగి రావలయును. సునామీ వార్త వినగనే దూరముననున్న పడవ ఒడ్డునకు రాకూడదు, ఏబది బారలకు మించిన లోతునకు పోయి యచటనే నిలువవలయును. ఆ లోతున కెరటము పడవక్రిందనే మెల్లగా సాగిపోవును. మొగలో నున్నచో పడవను పడవపై వేసి పిప్పి చేయును. సముద్రముపై నున్న కొడుకును ఫోను చేసి వెంటనే రమ్మను తల్లి, ప్రేమచేతనే వానిని ఆపదలోనికి పిలిచినదగును. ఈ యొక్క విషయమును కాకినాడ, నిజాంపట్నము, భీమునిపట్నముల వంటి రేవులలో ప్రతి మరపడవ సరంగునకును, వాని యింటివారికిని ఏటేట చెప్పవలసియున్నది.

హెచ్చరిక తుదిమెట్టున ఎట్లు పనిచేయునో 2004లోనే పుదుచ్చేరి చెంతనున్న నల్లవాడు గ్రామము చూపినది. ఆ యూరి యువకు డొకడు సింగపూరులో పనిచేయుచు, ఇండోనేసియా వార్తను విని, ఇంటికి ఫోను చేసెను. ఊరివారు గ్రామ విజ్ఞానకేంద్రపు తలుపు బ్రద్దలుకొట్టి, నిత్యము అలల యెత్తును చేపల జాడను చాటుటకు వాడుచుండిన మైకులోనే, ఊరు విడువుడని చాటిరి. ఇండ్లు పోయినవి, పడవలు పోయినవి, మూడువేల యాఱువందల జనములో ఒక్క ప్రాణము పోలేదు. ఇందు ఉపగ్రహము లేదు, నమూనా లేదు. దినదినమును ఉపయోగించుటచేత మైకు పనిచేయుస్థితి నుండుట, ఆ గొంతును ఊరు నమ్ముట మాత్రమే యున్నవి. ఆపదకై మాత్రమే నిలిపిన సైరను ఆపదవేళకు మూగవోవుట సహజము. నిత్యోపయోగమున నున్న సాధనముననే హెచ్చరికను పంపుట వివేకము.

నమ్మకము నిలుపుకొనుటకు అనవసరమైన హెచ్చరిక లీయకుండుటయు ముఖ్యమే. 2012 ఏప్రిలు 11న సుమత్రాకు పడమట 8.6 తీవ్రతగల కంపము వచ్చి, చెన్నైలోను విశాఖలోను జనులు మేడలు దిగి వీథులకు పరుగెత్తిరి. ఎనిమిది నిమిషములలో తొలి ప్రకటన యిచ్చిన మన కేంద్రము, ఫలకములు ప్రక్కకు జాఱినవని గుర్తించి, నీటిమాపకములను చూచి, ప్రధానభూభాగమున జనులను ఖాళీ చేయింపవలసిన పని లేకయే కథ ముగించెను. హెచ్చరిక యిచ్చుటకంటె ఈయకుండుటకే ఎక్కువ ధైర్యము కావలయును. ఆనాటి నిర్ణయము ఈ వ్యవస్థ చరిత్రలో అత్యుత్తమమైన ఘట్టమని నా యభిప్రాయము.

ఒడిశాలో 2020లో గంజాం జిల్లాలోని వెంకట్రాయిపూర్, జగత్సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి అను రెండు పల్లెలు సునామీ సన్నద్ధ గ్రామములుగా యునెస్కో గుర్తింపు పొందినవి. 2024లో ఆ రాష్ట్రమున 24 గ్రామముల కట్టి గుర్తింపు వచ్చినది. నోలియాలని యచట పిలువబడు జాలరులలో పెక్కుమంది తెలుగు మాటాడువారే. ఆపద పటము, తప్పించుకొను దారి గుర్తులు, ఏటేట అభ్యాసము, ఇవియే ఆ గుర్తింపునకు కావలసినవి. ఆ పట్టిక యందలి యే యంశమును మన తీరపల్లెలకు అసాధ్యము కాదు. ఐతే పటము విషయమున ఒక జాగ్రత్త వలయును. కృష్ణా గోదావరి డెల్టాలలో నేల బల్లపరుపు. ఎత్తు కొలతలో ఒక్క మీటరు తప్పైనచో నీరు చొచ్చు దూరము కిలోమీటరు మాఱవచ్చును. వరద వరదకును మొగలు జరుగుచుండును, ఇసుకతిన్నెలు లేచి పోవుచుండును. పదేండ్లనాటి లోతుపటముతో గీచిన ముంపురేఖను నేటిదిగా నమ్మరాదు. పోటువేళ వచ్చిన కెరటమును ఆటువేళ వచ్చినదానిని ఒకే యెత్తుగా నెంచరాదు. సరుగుడు తోటలు, కోరంగి మడయడవులు కెరటపు వడిని కొంత తగ్గించుననుట నిజమే గాని, తమిళనాడులోని పిచ్చావరము మడయడవి నుదాహరించి చెట్లుండిన చాలునని చెప్పుట అతిశయోక్తి. ఊరు ఒడ్డునకు ఎంత దూరము, ఎంత యెత్తున నున్నదన్న విషయమే అన్నిటికంటె బలమైనదని ఆ వాదమును విమర్శించినవారు చూపియున్నారు.

ప్రకటనలలో చివరిదైన, ఆపద తొలగినదను ముగింపు ప్రకటననుగూర్చి మన యభ్యాసములలో ఆలోచన తక్కువ. సునామీ ఒక్క కెరటము కాదు; గంటలపాటు వచ్చు వరుస, అందు మొదటిదే పెద్దది కానక్కఱలేదు. 1964 మార్చిలో అలాస్కా కంపమువలన లేచిన తరంగములు కాలిఫోర్నియాలోని క్రెసెంట్ సిటీని చేరినప్పుడు, తొలికెరటములు తగ్గగనే కొందఱు దుకాణములలో బురద కడుగుకొనుటకు తిరిగి వచ్చిరి. నాల్గవ కెరటము అన్నిటికంటె పెద్దదై వచ్చి పదిమందికి పైగా ప్రాణములు తీసెను. మన పల్లెలలోను నీరు తీయగనే వలలకొఱకు, మేకలకొఱకు, పెట్టెలోని బంగారముకొఱకు పరుగెత్తి పోవువారుందురు. వారిని ఆపుటకు అధికారి యుత్తరువు చాలదు. ఊరు విడువుడని ఏ మైకు చాటెనో, ఏ గొంతు చాటెనో, ఇక తిరిగి రావచ్చునన్న మాటయు ఆ మైకునుండియే ఆ గొంతుననే రావలయుననియు, అంతవఱకు ఎవరును దిబ్బ దిగరాదనియు అభ్యాసదినముననే పిల్లలు మొదలుకొని ముసలివారి వఱకు ఏకగ్రీవముగా నిశ్చయించుకొనవలయును. అభ్యాసము కూడ ఊరు ఖాళీ యగుటతో ముగియక, ఆ మాట వినబడి జనులు ఇండ్లకు చేరువఱకు సాగవలయును.